రోమన్ నాణెం: తూకం ధర వేరు, నాణెం ధర వేరు

పాత రోమన్ నాణేన్ని కాటా మీద మాత్రమే చూసి అమ్మేవారు నష్టపోతారు. బంగారం విలువ కనీస ధర మాత్రమే. అసలు ధర చక్రవర్తి ముఖం, చుట్టూ ఉన్న అక్షరాలు ఎంత స్ఫుటంగా మిగిలాయన్నదానిపై ఉంటుంది. చింతపండుతో తోమినా, గీటురాయిపై గీసినా ఆ ధర పడిపోతుంది.

నకిలీని పట్టడానికి తూకం పనికివస్తుంది. అగస్టస్ బంగారు ఆరియస్ సుమారు 7.8 గ్రాములు, క్రీ.శ. 64లో నీరో తగ్గించాక సుమారు 7.3. అంచు చుట్టూ అతుకు గీత ఉంటే పోత సరుకని అనుమానించాలి. వెండి డెనారియస్ అరిగినచోట రాగి కనిపిస్తే అది పూత నాణెం.

మన దేశంలో దొరికిన బంగారు నాణేల్లో కొన్నింటికి ముఖం మీద ఉలిగాటు ఉంటుంది. అది నకిలీ గుర్తు కాదు. ధర మాత్రం తగ్గుతుంది.

భూమిలో దొరికిన నిక్షేపం విలువ 10 రూపాయలు మించితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. అంతవరకు బేరం కూడదు.