మేత బీళ్ళలో విషపు మొక్కలు: పశువులకు కలుగు నరముల జబ్బులు

పత్తి ఆఖరి తీత ముగిసి, మిరపకాయ కల్లములకు చేరు దినములలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్టలలో పచ్చిమేతకు కరవు వచ్చును. బీళ్ళు ఎండిపోవును. కాలువలు కట్టివేయుదురు. అప్పుడు జీవాల కాపరులు మందలను తీతలు ముగిసిన చేలలోనికి, కాలువ గట్లకు, డొంకలకు తోలుదురు. చేను గల రైతు ఎరువు కొరకు మంద కట్టించుకొనును. ఇది తరతరములుగా ఉభయులకు మేలు చేయుచున్న ఏర్పాటు. కాని పశువులు విషమునకు గురియగుటయు ఈ నెలలలోనే ఎక్కువ. కడుపు నిండిన పశువు మూతి త్రిప్పుకొని పోవు మొక్కనే ఆకలిగొన్న పశువు ఆబగా మేయును.

కొన్ని విషములు కడుపును, కొన్ని కాలేయమును, కొన్ని గుండెను చెరచును. ఈ పాఠములో మెదడును, నరములను దెబ్బతీయు విషములను గూర్చియు, వాటివలె కనిపించు ఇతర ఆపదలను గూర్చియు తెలిసికొందము. పశువు తూలినను, వణకినను, ఈడ్పులతో పడిపోయినను "ఏదో పురుగు ముట్టినది" అని ఊరకుండరాదు. కారణము తెలిసినచో మిగిలిన మందనైనను దక్కించుకొనవచ్చును.

విషములు రెండు విధములు

మొదటి విధము గంటలలో ప్రాణము తీయునది. రెండవది వారములు, నెలలు మేసిన మీదట మెల్లగా బయటపడునది. మొదటి దానిని రైతు వెంటనే గుర్తించును. రెండవ దానిని తిండి చాలక చిక్కినదనియో, ముసలితనమనియో పొరబడును. రెండింటికిని జాగ్రత్తలు వేరు.

గంటలలో చంపు విషములు

జొన్న నాము: లేత జొన్న మొలకలలోను, వానలేక గిడసబారిన పైరులోను, కోసిన మోళ్ళ నుండి వచ్చు పిలకలలోను ఒక పదార్థము ఉండును. పశువు నమలినపుడు దాని నుండి హైడ్రోసైనిక్ ఆమ్లము పుట్టును. తెనాలి, బాపట్ల మాగాణులలో వరి తరువాత వేసిన జొన్న కోసిన పిమ్మట, ఒక వాన పడినంతనే మోళ్ళు చిగుర్చును. ఆ చిగురు కంటికి ఇంపుగానుండును గాని మహా ప్రమాదకరము. ఈ విషము వలన రక్తములో ప్రాణవాయువు ఉన్నను శరీరము దానిని వాడుకొనలేదు. అందుచేత పశువు ఎగశ్వాస తీసి, తూలి, ఈడ్పులతో పడును. కొన్ని నిమిషములలోనో, గంట లోపలనో చనిపోవును. రక్తము మిక్కిలి ఎర్రగా నుండును. పైరు పూతకు రాకముందు పచ్చిజొన్న మేపరాదు. బాగుగా ఎండిన చొప్పలో ఈ విషము చాల తగ్గును.

నైట్రేటు విషము: యూరియా ఎక్కువగా వేసిన పైరు వానలేక బెట్టకు వచ్చినపుడు నేలలోని నత్రజని ఆకులో, కాడలో నైట్రేటుగా నిలువయుండును. చేలలో మొలచు ముళ్ళ తోటకూర వంటి కలుపు మొక్కలకును ఈ గుణము కలదు. పశువు కడుపులో ఇది నైట్రైటుగా మారి రక్తమును చెరచును. అప్పుడు రక్తము ముదురు గోధుమ వన్నెకు తిరుగును. చిగుళ్ళు, కనుల లోపలి పొరలు నీలి, గోధుమ వన్నెలలోనికి మారును. పశువు బలహీనపడి, వణకి, పడిపోవును.

పై రెండింటిలోను పశువు తూలి పడును గాని, రక్తపు వన్నె వేరు, విరుగుడు మందును వేరు. నామునకు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు నరములోనికి ఎక్కింతురు. నైట్రేటు విషమునకు మిథిలీన్ బ్లూ ఇత్తురు. మొదటి దానికి వాడు నైట్రైటు రెండవ దానిలో విషమునకు విషము తోడగుటయే. కనుక ఈ చికిత్స పశువైద్యుడే చేయవలెను.

ఆముదము: మన ప్రాంతమున పత్తి, మిరప చేల చుట్టును పొగాకు లద్దెపురుగుకు ఎర పంటగా ఆముదము వేయుట మంచి పద్ధతి. కాని పంట ముగిసి మంద చేనిలో ప్రవేశించునప్పటికి పచ్చగా మిగిలియుండునది ఆ ఆముదమే. ఆకులో రిసినీన్ అను విషము కలదు. ఎక్కువగా మేసిన కొన్ని గంటలలోనే పశువు చొంగ కార్చుచు, వణకుచు, తూలుచు, త్రేన్పుచు ఉండును. ఈడ్పులు రావచ్చును. గింజలోని విషము వేరు. దాని పేరు రిసిన్. అది మేసిన పశువునకు కొన్ని గంటలు లేక ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట రక్తముతో కూడిన పారుడు పట్టును. ఆముదపు పిండిని ఎరువుగా వేయు రైతులు బస్తాలను పశువుల కందని చోట ఉంచవలెను. మంద కట్టుటకు ముందే ఎర పంట మొక్కలను పెరికివేయుట ఉత్తమము.

ఉమ్మెత్త: దీని వాసనకు పశువులు సాధారణముగా దూరముగా పోవును. ఇతర గడ్డితో కలిపి కోసి వేసినపుడు, లేక గింజలు దాణాలో కలసినపుడు ప్రమాదము. కంటిపాపలు బాగుగా పెద్దవగును. నోరు ఎండును. పశువు కలవరపడి, దారి తెలియక గోడలను ఢీకొనును. కడుపు కదలిక తగ్గి ఉబ్బరము కలుగును.

మొక్క తప్పు కానిది

పత్తికి, మిరపకు కొట్టు పురుగుమందులలో ఆర్గానోఫాస్ఫరస్ జాతివి నేరుగా నరములపై పనిచేయును. పురుగును చంపునదియు, పశువును చంపునదియు ఒకే మార్గమున. చొంగ, కన్నీరు ధారలుగా కారును. విరేచనములగును. కండరములు అదరును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. మందు కొట్టిన చేనిలో మేసినను, మందు కలిపిన డ్రమ్ములోని నీరు త్రాగినను, మందు డబ్బాలు కడిగిన గుంటలో మూతి పెట్టినను ఇదే ఫలితము.

ఇచట ఒక ముఖ్య విషయము కలదు. ఈ పురుగుమందుల విషమునకు పశువైద్యులిచ్చు విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్తలోని విషములలో ఒకటియు అట్రోపినే! అనగా ఒకదానికి ప్రాణము నిలుపు మందు, మరియొకదానికి ప్రాణాంతకము. కనుక కంటిపాప చూడకుండ, తెలిసినవారు చెప్పిరని సూదిమందు పొడిపించరాదు. పాప చిన్నదైనచో పురుగుమందును, పెద్దదైనచో ఉమ్మెత్తను అనుమానించి ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను.

వరంగల్లు అనుభవము

2006 వేసవి ఆరంభమున వరంగల్లు జిల్లాలో తీతలు ముగిసిన పత్తి చేలలో మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో చనిపోయినవని కాపరులు తెలిపిరి. బి.టి. పత్తి ఆకే కారణమని గొర్రెల పెంపకందారుల పక్షమున వాదము వచ్చెను. నైట్రేట్లు, హైడ్రోసైనిక్ ఆమ్లము, ఆర్గానోఫాస్ఫరస్ మందులు కారణమై యుండవచ్చునని ప్రభుత్వ పక్షమున చెప్పిరి. వివాదము చాల కాలము నడచెను. దీని నుండి మనము గ్రహించవలసినది ఒకటి కలదు. ఏ మంద ఏ చేనిలో ఎంతసేపు మేసినది, ఆ చేనిలో ఏ మందు ఎప్పుడు కొట్టిరి అను వివరములు ఆ దినమే వ్రాసి, నమూనాలు చల్లారక మునుపే పంపినగాని ఇట్టి ప్రశ్నకు నికరమైన సమాధానము దొరకదు. సమాధానము లేనిచో నష్టపోయిన కాపరికి న్యాయమును దొరకదు.

నెలల తరబడి పనిచేయు విషములు

లొట్టపీసు: దీనినే కొందరు తూటికాడ అందురు. సాగరు కుడి కాలువ శాఖల పొడవునను, డెల్టా మురుగు కాలువలలోను, చెరువు కట్టలపైనను గుబురుగా పెరిగి, గంట వంటి లేత ఊదా పూలు పూయును. కూరగా వండుకొను తూటికూర వేరు, ఇది వేరు. అమెరికా ఖండము నుండి వచ్చిన ఈ మొక్క ఎండకు వాడదు, ఎంత కోసినను చావదు. వేసవిలో కాలువ గట్టున మేకకు పచ్చగా కనిపించునది ఇదియే.

మొదట మేక దీనిని ముట్టదు. ఆకలి వలన ఒకమారు మరగినదా, మంచి మేత వేసినను దీనికే పరుగెత్తును. కొన్ని వారములలో చిక్కిపోవును. బొచ్చు బిరుసెక్కును. తల వణకును. వెనుక కాళ్ళు దూరముగా పెట్టి తూలుచు నడచును. తల పైకెత్తి పట్టి విడిచినచో ఆరోగ్యముగల మేక చక్కగా నిలుచును. ఈ జబ్బు సోకినది తూలి పడును. ఈ పరీక్షను ప్రతి కాపరియు చేయవచ్చును. చూలు మేకలు ఈచుకొనిపోవుటయు కలదు.

కారణమేమన: ఈ మొక్కలో స్వైన్‌సొనీన్ అను పదార్థము కలదు. శరీరములోని ప్రతి కణములోను పాత పదార్థములను విడగొట్టి శుభ్రపరచు ఏర్పాటొకటి యున్నది. ఈ విషము ఆ ఏర్పాటును ఆపివేయును. పూడిక తీయని కాలువవలె కణములు చెత్తతో నిండి ఉబ్బును. మెదడులోని నరముల కణములకు ఈ హాని అధికము. 1979లో ఆస్ట్రేలియాలో గొర్రెలకు, పశువులకు ఇట్టి జబ్బే కలిగించు ఒక మొక్క నుండి ఈ విషమును మొదట వేరుచేసిరి. అందుండియే దానికి ఆ పేరు వచ్చెను. 1982లో అమెరికా పశువులను వెఱ్ఱెత్తించు మరియొక మొక్కలో అదియే కానవచ్చెను. తరువాత లొట్టపీసులోను కనుగొనిరి. ఈ విషమును తయారుచేయునది మొక్కతో కూడి బ్రతుకు ఒక శిలీంధ్రమని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి.

దీనికి విరుగుడు మందు లేదు. తొలి దినములలోనే మొక్క అందకుండ చేసినచో మేక చాలవరకు కోలుకొనును. ఆలస్యమైనచో చచ్చిన నరముల కణములు తిరిగి రావు, తూలుడు జీవితాంతము నిలిచిపోవును. కనుక ఈ జబ్బులో మందు కన్న చూపు ముఖ్యము.

సర్కారు తుమ్మ కాయ: ప్రకాశం మెట్టలలో ఈ కంప లేని ఊరు అరుదు. కాయ తీయగానుండి, మితముగా పెట్టినచో బలమిచ్చును. కాని వేరు మేతలేక మేతలో సగమునకు మించి నెలల తరబడి ఈ కాయలే తిన్న పశువులలో దవడలను ఆడించు నరముల కణములు చెడును. దవడ కండలు కరగిపోవును. నాలుక వ్రేలాడును. చొంగ కారును. నమలుటకై తల ఒక ప్రక్కకు వంచును. బ్రెజిలు దేశమున ఈ జబ్బును వంకర మొగము అను అర్థమిచ్చు పేరుతో పిలుతురు. కాయలను పొడిచేసి, చొప్పతో, తవుడుతో కలిపి, మొత్తము మేతలో అయిదవ వంతుకు మించకుండ వాడుట క్షేమము.

విషమువలె కనిపించు రోగములు

పిచ్చికుక్క కరచిన పశువునకును చొంగ, తూలుడు, మింగలేకపోవుట కలుగును. గొంతులో ఏదో అడ్డుపడినదని నోటిలో చేయి పెట్టరాదు. ఇది మనుష్య ప్రాణములకే ముప్పు. గొర్రెలలో చిటుకు రోగమును హఠాత్తుగా ఈడ్పులతో చంపును. దీనికి టీకా కలదు. టీకా వేయని మందలో కొత్త చిగురు మేసిన పిదప చావులు కలిగినచో రెండింటిని అనుమానించవలెను.

వెంటనే చేయవలసినవి

1. మందనంతటిని ఆ చేను నుండి వెలుపలికి మెల్లగా తోలవలెను. పరుగెత్తించరాదు.

2. పడిన పశువును నీడకు చేర్చి, రొమ్ముపై కూర్చుండబెట్టి, రెండు ప్రక్కల గడ్డి మోపులు ఆనించవలెను.

3. తూలుచున్న పశువునకు నోటి ద్వారా ఏమియు పోయరాదు. మజ్జిగయైనను, నూనెయైనను ఊపిరితిత్తులలోనికి పోయి చంపును.

4. చర్మముపై పురుగుమందు పడినచో సబ్బునీటితో కడుగవలెను. కడుగువారు చేతులకు తొడుగు వేసికొనవలెను.

5. పశువైద్యశాలకుగాని, 1962 నంబరుకుగాని కబురు చేయవలెను. మేసిన మొక్క కొమ్మను, మందు డబ్బాను వైద్యునికి చూపవలెను.

6. చనిపోయిన పశువు మాంసము తినరాదు, అమ్మరాదు. శవపరీక్ష అయిన పిమ్మట లోతుగా పూడ్చవలెను.

ముందు జాగ్రత్తలు

మందను ఉదయము చేనిలోనికి తోలుటకు ముందు కొంత ఎండు చొప్ప వేయవలెను. చేను రైతు ఏ మందు ఎప్పుడు కొట్టెనో కాపరికి చెప్పుట ధర్మము. కాపరి అడుగుట హక్కు. మందు డబ్బాపై వ్రాసిన గడువు దాటనిదే మంద కట్టించరాదు. మొదటి దినము రెండు మూడు గంటలు మాత్రమే మేపి, మరునాడు చూచి పొడిగించవలెను.

లొట్టపీసు నిర్మూలన ఒక్కరి పని కాదు. కాలువ కట్టివేసిన వేసవిలో వేరుతో పెరికి, గట్టు మీద ఎండబెట్టి కాల్చవలెను. నరికి నీటిలో వేసినచో ప్రతి ముక్కయు వేరూని క్రొత్త మొక్కయగును. పంచాయతీలును, నీటి వినియోగదారుల సంఘములును కలిసి పూనుకొన్నచో పశువులకు రక్షణ, కాలువకు పారుదల రెండును సమకూరును.

గ్రామాధికారులకు మనవి: జీవాలు చనిపోయినట్లు కబురు వచ్చినంతనే తేది, వేళ, చేను, మంద సంఖ్య, చనిపోయినవాటి సంఖ్య, కొట్టిన మందు పేరు వ్రాసికొని, పశువైద్యుడు వచ్చువరకు శవములను కదల్చనీయకుడు. యాభై గొర్రెల మందయే ఒక కుటుంబమునకు పొలము, పైకము, పిల్లల చదువు. ఒక పూట జాగ్రత్త ఆ సర్వస్వమును కాపాడగలదు.