పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు

పరస్థలమునుండి వచ్చినవానికి సాయము చేయుట యొక మాట. ఆ సాయము వానికి అందునట్లు చేయుట వేరొక మాట. ఈ రెండింటికిని గల భేదమును దూరదేశముల వార్తలతో గాక మన వేములపల్లి ప్రాంతమునే చూపి విచారింతము.

మన సీమ పూర్వము మెట్టసీమ. నాగార్జునసాగర నిర్మాణమునకు 1955 డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడెను. ఎడమకాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, పారినంతమేర చేలు వరిమళ్లయ్యెను. వరి పండినచోట మిల్లులు లేచెను. నీటి వెంట మొదట వచ్చినవారు కోస్తా జిల్లాల రైతులు. వారు భూములు కొని సేద్యము చేసిరి. యాస వేరైనను వారి భాష మన భాషయే గనుక బడియందుగాని, వైద్యశాలయందుగాని వారికొరకు క్రొత్త ఏర్పాటేదియు అవసరము కాలేదు. ధాన్యము వెంట తరువాత వచ్చినవారు బీహారు మొదలగు ఉత్తర రాష్ట్రముల హమాలీలు. దామరచర్ల మండలమున 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము కట్టుటకును ఆ రాష్ట్రములనుండియే పలువురు వచ్చిరి. ఇక ఇటుక బట్టీలకు ఒడిశా పశ్చిమ జిల్లాలనుండి ఆలుబిడ్డలతో వచ్చువారు తెలంగాణమున పలుచోట్ల గలరు.

వీరిపై మన బ్రతుకు ఎంత ఆధారపడియున్నదో 2020వ సంవత్సరమున వెల్లడియైనది. మహమ్మారివలన దేశమంతట రాకపోకలు నిలిచియుండగా, మే 1వ తేదీన లింగంపల్లినుండి ఝార్ఖండునందలి హటియాకు మొదటి శ్రామికుల రైలు సుమారు 1,200 మందితో బయలుదేరెను. వారము గడచెనో లేదో, మే 8వ తేదీన బీహారునందలి ఖగడియానుండి ఇన్నూరుమందికి పైగా హమాలీలు మరియొక రైలులో అదే లింగంపల్లికి దిగిరి. యాసంగి ధాన్యము కల్లములనుండి వచ్చి పడుచుండగా మిల్లులలో బస్తా యెత్తువారు లేకపోయిరి! అట్లు వచ్చినవారిని నల్లగొండ, మిర్యాలగూడ మొదలగుచోట్ల మిల్లులకు పంపిరి. వెళ్లిపోవువారిని చూచి జాలిపడిన మనము, తిరిగి వచ్చినవారిని చూచి ఊపిరి పీల్చుకొంటిమి.

ఆ దినములలో రాష్ట్ర ప్రభుత్వము వలసకూలి యొక్కొక్కనికి 12 కిలోల బియ్యమో గోధుమపిండియో, దానితో 500 రూపాయలును ఈయ నిశ్చయించెను. ఇందులో నాకు మిక్కిలి నచ్చినది ఆ 'గోధుమపిండియో' అన్న చిన్నమాట. రొట్టె తినువాడు రొట్టెనే కోరునని ఎవరో తలచిరి. ఇట్టి తలపు సామాన్యముగా పుట్టదు. అమెరికాదేశమునందలి చికాగోలో 1889లో జేన్ ఆడమ్స్ అను విదుషి హల్ హౌస్ అను సేవాసదనమును స్థాపించెను. చుట్టుప్రక్కల ఇటలీవారు, జర్మనులు, యూదులు, ఐరిషువారు మొదలగు వలసజనము క్రిక్కిరిసియుండిరి. వారి పోషణకై ఆమె శాస్త్రీయముగా లెక్కవేసి, బలమైన ఆహారము వండించి చౌకగా అమ్మించెను. ఇరుగుపొరుగువారు దానిని అంతగా కొననే లేదు. ఆ తిండి వారు పెరిగిన తిండి కాదు మరి! ఆడమ్స్ దానిని మొండిగా సాగింపక, పొరుగువారి నోటిరుచి తనకు తెలియదని గ్రహించి, తరువాతి పనులలో వారినే ముందుగా అడుగసాగెను. 1931లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానము లభించెను.

మనవారు ఈ అవస్థ నెరుగనివారు కారు. నూరేండ్ల క్రిందట తెలుగు కూలీలు మేస్త్రీల వద్ద బయానా పుచ్చుకొని, ఓడలెక్కి రంగూనుకు పోయి, ఆ రేవునందును ధాన్యపు మిల్లులందును బస్తాలు మోసిరి. కోరంగి రేవునుబట్టియే వారికి అచ్చట కోరంగీలని పేరు వచ్చెనందురు. ఇరుకు గదులలో కిక్కిరిసి నిద్రించిరి. 1930 మేలో అచ్చటి రేవు పనిని గూర్చి బర్మావారికిని వారికిని ఘోరమైన కలహము జరిగెను. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడగా, అరకాను కొండలమీదుగా కొందరు, అస్సాము త్రోవను కొందరు కాలినడకను స్వదేశమునకు మరలిరి. త్రోవలో కూలినవారు వేలకొలది. నేడు మన మిల్లులలో బస్తా యెత్తు ఖగడియావాని స్థానమున నాడు మన తాతలుండిరి.

ఇక మన సేవలను పరీక్షింతము. అవి యన్నియు ఒక మనిషిని మనస్సునందుంచుకొని ఏర్పరచినవి. ఆ మనిషి తెలుగు మాటలాడును. సంవత్సరమంతయు ఊరిలోనే యుండును. వానికి కుటుంబము కలదు. వాని పేరు గుమాస్తాకు తెలియును. మిల్లు హమాలీకి ఈ నాలుగును లేవు. అతడు చాలవరకు ఒంటరిగా వచ్చినవాడు గనుక అంగన్వాడీ అతనికి పనికిరాదు. ప్రొద్దుననే తెరచి సాయంకాలమునకు మూయు వైద్యశాల అతని పనివేళలతో పొసగదు. బట్టీకి వచ్చిన కుటుంబము సంగతి దీనికి విరుద్ధము: వారికి కావలసినది గర్భిణికి భోజనము, బిడ్డకు టీకా, పిల్లవానికి బడి. ఇరువురిని 'వలసకూలీలు' అను ఒకే మాటతో చుట్టివేసినచో ఇరువురకును సరిపడని సేవయే మిగులును.

భాష విషయమునను ఇట్టి పొరపాటే కలదు. వారందరికి హిందీ వచ్చునని మనము తలంతుము. ఖగడియావాడు ఇంట మాటలాడునది అంగికయో మైథిలియో. ఝార్ఖండువాడు సంథాలీ కావచ్చును. బొలంగీరువాని ఒడియా కటకమువాని ఒడియా కాదు. హిందీ ప్రకటన యొకటి గోడకంటించి చేతులు దులుపుకొన్నచో, అది చదువుకొన్నవానికే తెలియును, ఇంటనున్న స్త్రీకి తెలియదు.

రేషన్ సంగతి చూడుడు. ఒక రాష్ట్రపు కార్డు మరియొక రాష్ట్రమున చెల్లు పద్ధతి 2019 ఆగస్టులో మొదట తెలుగు రాష్ట్రములు రెండింటి నడుమను, గుజరాతు మహారాష్ట్రముల నడుమను ఆరంభమై, 2022 జూనునాటికి దేశమంతట వ్యాపించెను. బీహారు కార్డుగలవాడు మన చౌకదుకాణమున తన వంతు తీసికొనవచ్చును. మిగిలిన వంతును అతని భార్య తన ఊరిలోనే తీసికొనవచ్చును. ఈ రెండవ సంగతి ఎరుగనివాడు, ఇచ్చట పుచ్చుకొన్నచో అచ్చట పిల్లల నోటికూడు పోవునేమో యని వెరచి, దుకాణమువైపు చూడనే చూడడు. బస్తాలు మోసి అరిగిన వ్రేళ్లను యంత్రము గుర్తింపకపోవుటయు కద్దు. అప్పుడు కంటిపాపతో సరిచూడుమని అడుగవలెనని అతనికి ఎవరు చెప్పవలెను?

బడి మాటకు వచ్చినచో చట్టము మేలైనదే. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము వయస్సు పత్రము లేదని, నడిసంవత్సరమున వచ్చెనని పిల్లవానిని త్రిప్పి పంపరాదు. అయినను తెలుగు తరగతిలో కూర్చుండిన ఒడియా బాలుడు వినికిడి లేనివానివలె నుండును. బొంబాయి నగరపాలక సంస్థ అచ్చటి మనవారి పిల్లలకై తెలుగు బడులను నడపినది. తెలంగాణమున కొన్ని బట్టీలయొద్ద ఒడిశానుండి ఉపాధ్యాయులను, పుస్తకములను రప్పించి ఒడియాలో చదువు చెప్పించిరి. కేరళలో ఎర్నాకుళము జిల్లావారు 2017లో 'రోష్ని' అను ఏర్పాటు చేసి, వలసవారి భాష తెలిసినవారిని బడులలో నియమించి, వారి సాయముతో మలయాళము నేర్పించిరి. పిల్లలు మనయొద్ద కొన్ని నెలలే యుండి మరలిపోవుదురు గనుక ఒడియా చదువు తెగకుండుట ముఖ్యమని కొందరందురు. తెలుగు రానిచో బయటి లోకమే మూసికొనిపోవునని మరికొందరందురు. బట్టీ పిల్లలకు మొదటిదియు, ఏండ్లతరబడి నిలిచిపోయినవారి పిల్లలకు రెండవదియు తగునని నా అభిప్రాయము.

విద్యార్థులు ధనము లేకయే చేయదగిన పని యొకటి కలదు. రాత్రివేళ మిల్లులో ఒకనికి దెబ్బ తగిలినచో తోడివాడు 108కి పిలుచును. 'ఎచ్చటనుండి?' అని అడుగుదురు. అతనికి మిల్లు యజమాని పేరు తెలియును గాని ఊరిపేరు పలుకరాదు. బోర్డు తెలుగులో నున్నది, అతడు చదువలేడు. మిల్లు పేరు, ఊరు, మండలము, రహదారి గుర్తు నాగరలిపిలోను ఒడియాలోను వ్రాసిన పలక యొకటి గేటు లోపల వ్రేలాడదీసినచో చాలును. లిపి సరిగానున్నదో లేదో దిద్దువారు ఆ హమాలీలలోనే దొరకుదురు. వారిచేతనే చదివించి చూడవలెను. వానకాలపు ధాన్యము కార్తికమాసమున మిల్లులకు చేరును గనుక పలకలు దసరా సెలవులలోనే సిద్ధము కావలెను.