జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త: గర్భిణికి డెంగీ సోకితే తల్లికీ బిడ్డకీ ఏమవుతుంది?

నాలుగు రోజులుగా కాగిపోతున్న ఒళ్లు ఐదో రోజు పొద్దున చల్లబడుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. "జ్వరం దిగింది కదా, మళ్లీ ఆసుపత్రి ఎందుకు? ఆటో ఖర్చు దండగ" అంటారు అత్తగారు. ఏడో నెల గర్భిణి అయిన కోడలు కూడా సరేనంటుంది. మామూలు జ్వరమైతే అత్తగారి మాట నిజమే. కానీ డెంగీ అయితే అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ రోజే. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటికీ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

జ్వరం దిగాక ఏం జరుగుతుంది?

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఏడిస్ ఈజిప్టై అనే దోమ వీటిని మోసుకొస్తుంది. ఇది పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం వేళల్లో కుడుతుంది. కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో జ్వరం వస్తుంది. జ్వరం 2 నుంచి 7 రోజులుంటుంది. అది తగ్గే సమయంలో, సుమారు 24 నుంచి 48 గంటలపాటు, కొందరిలో సన్నని రక్తనాళాల గోడల నుంచి రక్తంలోని ద్రవం బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. పైకి మాత్రం జ్వరం లేదు కాబట్టి మనిషి కోలుకున్నట్టే కనిపిస్తుంది.

గర్భిణిలో గుర్తించడం ఎందుకు కష్టం?

రక్తం చిక్కబడిందో లేదో డాక్టర్లు హెమటోక్రిట్ చూసి తెలుసుకుంటారు. రిపోర్టుల్లో దీన్ని పీసీవీ అని కూడా రాస్తారు. గర్భం దాల్చినప్పుడు రక్తంలో ద్రవభాగం సహజంగానే పెరుగుతుంది కాబట్టి ఈ అంకె ముందే తక్కువగా ఉంటుంది. అందువల్ల అది పెరిగినా కొన్నిసార్లు మామూలుగానే కనిపిస్తుంది. గర్భిణికి నాడి వేగంగా కొట్టుకోవడం, బీపీ కాస్త తక్కువగా ఉండడం కూడా మామూలే. ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయ పరీక్షల్లో తేడా రావడం డెంగీలోనే కాదు, గర్భంతో వచ్చే తీవ్రమైన బీపీ జబ్బులోనూ కనిపిస్తాయి. అందుకే ఒక్కసారి పరీక్ష చేయించి ఊరుకుంటే చాలదు. నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 2009 మార్గదర్శకాల్లో, డెంగీ సోకిన గర్భిణిని ప్రమాద సూచనలు లేకున్నా ఆసుపత్రిలోనే ఉంచి చూడాలని చెప్పింది.

తల్లికీ బిడ్డకీ కలిగే ముప్పు

సమయానికి వైద్యం అందితే చాలామంది గర్భిణులు డెంగీ నుంచి కోలుకుని పండంటి బిడ్డను కంటారు. భయపడి కూర్చోవద్దు. కానీ ముప్పును తేలికగా తీసుకోవద్దు. ప్లేట్‌లెట్లు పడిపోయిన సమయంలోనే కాన్పు వస్తే తల్లికి విపరీతంగా రక్తస్రావం కావచ్చు. అందుకే వీలైతే ఆ ఒకటి రెండు రోజులు గడిచే వరకు కాన్పు రాకుండా డాక్టర్లు ప్రయత్నిస్తారు. నెలలు నిండకుండా కాన్పు కావడం, గర్భస్రావం కావడం కూడా జరగవచ్చు.

బ్రెజిల్‌లో 2006 నుంచి 2012 వరకు నమోదైన వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, గర్భంతో ఉండగా డెంగీ జ్వరం వచ్చినవారికి బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. జబ్బు తీవ్రమైనవారిలో ఆ ముప్పు దాదాపు ఐదు రెట్లు ఉంది.

కాన్పుకు కొద్ది రోజుల ముందు తల్లికి డెంగీ వస్తే వైరస్ బిడ్డకూ చేరవచ్చు. పుట్టినప్పుడు బాగానే ఉన్న పసికందుకు కొన్ని రోజుల తర్వాత జ్వరం రావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు. కాబట్టి తల్లికి జ్వరం వచ్చిన సంగతి పిల్లల డాక్టరుకు తప్పక చెప్పాలి. పాలు మాన్పించనక్కరలేదు. తల్లిపాల వల్ల కలిగే మేలే ఎక్కువ.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

గర్భిణికి జ్వరం వస్తే మొదటి రోజే డాక్టరుకు చూపించాలి. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష డెంగీని పట్టిస్తాయి.

జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వద్దు. బీపీ ముప్పు ఉందని కొందరు గర్భిణులకు డాక్టర్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అలాంటివారు జ్వరం రాగానే ఆ సంగతి చెప్పాలి.

వీధి చివర ఇంజెక్షన్లు, సెలైన్ ఎక్కించుకోవద్దు. ద్రవం తక్కువైనా ముప్పే, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి అదీ ముప్పే. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చేయవద్దు.

విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మైల కనబడడం, మూత్రం తగ్గడం, మగతగా లేదా అస్థిమితంగా ఉండడం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి అని చూడకుండా బయలుదేరాలి.

దాతలు చేయగలిగిన మేలు

ప్లేట్‌లెట్లను ఐదు రోజులకు మించి నిల్వ ఉంచలేరు. ఎప్పుడో చేసిన రక్తదానం ఈ రోజు అవసరానికి అందదు. వానాకాలం మొదలై డెంగీ తగ్గే దాకా వంతులవారీగా రక్తమిచ్చేవారి జాబితా ఒకటి ప్రతి బస్తీలో సిద్ధంగా ఉంటే, కాన్పు వేళ కుటుంబం ఊరంతా తిరగనక్కరలేదు. పేద గర్భిణికి రోజూ చేసే రక్తపరీక్ష ఖర్చు, రానూపోనూ ఆటో కిరాయి, పగలు పడుకోవడానికి ఒక దోమతెర: ఇవి చిన్న మొత్తాలే. "ఖర్చెందుకు" అన్న మాటను ఆపేవీ ఇవే.

ఇక దోమ సంగతి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నల్లా నీళ్లు రోజూ రాని ఇళ్లలో డ్రమ్ములు నింపి పెట్టుకోక తప్పదు. వాటికి మూత వేయాలి, వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలను రుద్ది కడగాలి. గుడ్లు గోడకే అంటుకుని, నీళ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్య శాఖ శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమంటోంది. ఆ రోజు జుమాకు ముందు ఇంట్లో డ్రమ్ము, కూలర్, పూలకుండీ పళ్లెం, మసీదులో వజూ హౌజు ఒకసారి చూసుకోవడం మనకు కష్టం కాదు.

మళ్లీ మొదటి మాటకే వద్దాం. ఐదో రోజు ఒళ్లు చల్లబడిందని కోడలు చెప్పినప్పుడు, "అయితే పద, ఈ రోజు తప్పకుండా చూపించుకుందాం" అని అత్తగారు చెప్పు తొడగాలి. ఆ మాట మీ ఇంట్లో, మీ పక్కింట్లో చెప్పండి.