రిటైర్మెంట్ కాలనీలో రీసేల్ ఇల్లు కొనేముందు

డిశ్చార్జి రోజున మందుల వేళలు, కట్టు మార్చే పద్ధతి, చేయించవలసిన వ్యాయామాలు చెప్పడం అయ్యాక కుటుంబ సభ్యులు మమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు. ఈ మధ్య వాటిలో ఒకటి ఎక్కువగా వినిపిస్తోంది. "సిస్టరమ్మా, మా అమ్మను ఇంక ఒక్కదాన్ని ఎట్లుంచాలె? పెద్దోళ్ల కోసమే కట్టిన కాలనీల ఒక ఇల్లు రీసేల్‌కొచ్చిందట. తీసుకోమంటరా?" ఇళ్ల బేరాలు నర్సు పని కాదు. అయినా ఆ ఇంట్లో ఉండబోయేది మా పేషెంటు. అక్కడ కాలు జారితే మళ్లీ వచ్చేది మా వార్డుకే. అందుకే ఈ పాఠంలో ఆ సంగతి మాట్లాడుకుందాం.

మన కొంగరకలాన్ ఎంత మారిందో మీకు తెలుసు. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా కొత్త కలెక్టరేటు ఇక్కడ ప్రారంభమైంది. 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఔటర్ రింగు రోడ్డు దగ్గరే. భూములకు ధర వచ్చింది, పిల్లలు నగరానికో విదేశాలకో వెళ్ళారు, పెద్దవాళ్ళు మాత్రం ఎత్తు గడపలు, ఇరుకు మెట్లు ఉన్న ఇళ్లలో మిగిలారు. కొంత భూమి అమ్మి, ఆ డబ్బుతో వాళ్లకు భోజనం, మందు, మనిషి తోడు దొరికేచోట ఇల్లు కొందామనే ఆలోచన అలా పుడుతోంది. దానిలో తప్పేమీ లేదు. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ వైపు గౌడవెల్లిలో సాకేత్ ప్రణామం వంటివి పెద్దల కోసమే కట్టారు. తమిళనాడులోని కోయంబత్తూరు ఇలాంటి కాలనీలకు అంతకుముందు నుంచే పేరుపడింది. అమెరికాలోని అరిజోనాలో సన్ సిటీ అనే ఊరిని 1960 జనవరి 1న తెరిచారు. అక్కడి ఇళ్ళు అప్పటినుంచి ఒక పెద్ద చేతి నుంచి ఇంకొక పెద్ద చేతికి మారుతూనే ఉన్నాయి.

అమ్మేవాళ్ళు ఎందుకు అమ్ముతున్నారు?

మేము కేసు షీటు రాసేటప్పుడు మొదట అడిగేది పాత చరిత్ర. ఇంటికీ అదే అడగండి. మామూలు అపార్ట్‌మెంటులో ఇల్లు అమ్మడానికి వంద కారణాలుంటాయి. పెద్దల కాలనీలో సాధారణంగా మూడే. యజమాని కాలం చేసి ఉంటారు, పిల్లల దగ్గరికి వెళ్లి ఉంటారు, లేదా మంచాన పడ్డాక అక్కడ చూసుకోలేమని అంటే వేరేచోటికి మారి ఉంటారు. ఈ మూడవదే మనకు కావలసిన సమాచారం. మధ్యవర్తి దీనిని చెప్పడు. పక్కింటి పెద్దవాళ్ళతో ఒక సాయంత్రం కూర్చుంటే వాళ్ళే చెబుతారు. "ఇక్కడ మంచాన పడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్లకు ఎవరు చేస్తున్నారు?" అని అడగండి. కాలనీ మొదలై పదేళ్లయినా అలాంటివారు ఒక్కరూ లేరంటే అందరూ ఆరోగ్యంగా ఉన్నారని సంతోషించకండి. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో కనుక్కోండి.

ఇల్లు వేరు, సేవ వేరు

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. ఇలాంటి చోట మీరు రెండు వేర్వేరు వస్తువులు కొంటున్నారు. ఒకటి ఇల్లు. అది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మీ పేరున రాయబడుతుంది. రెండవది సేవ, అంటే భోజనశాల, ఊడ్చి తుడిచే మనిషి, రాత్రి పూట నర్సు, గది గోడకున్న అత్యవసర గంట, అంబులెన్సు. ఇది సేల్ డీడులో ఉండదు. ఇది సేవలందించే సంస్థతో పాత యజమాని రాసుకున్న ఒప్పందం. ఇల్లు చేతులు మారినంతమాత్రాన అది మీకు దానంతటదే రాదు.

తుంటి ఎముక విరిగి ఆపరేషను అయిన ఒక పెద్దమ్మ మా వార్డులో మూడు వారాలు ఉన్నారు. అన్నీ చూసుకుంటారనే నమ్మకంతోనే కొడుకు ఒక కాలనీలో రీసేల్ ఇల్లు కొన్నారు. వాకరుతో ఆమెను ఇంటికి తీసుకెళ్ళాక, నర్సు సేవకు ముందుగా పేరు నమోదు చేయించాలని, నమోదుకు ఆరోగ్య పరీక్ష ఉందని, తనంతట తాను నడవగలిగినవారినే చేర్చుకుంటామని ఆఫీసువాళ్ళు చెప్పారు. పోనీ బయటినుంచి ఆయాను పెట్టుకుంటామంటే రాత్రి ఉండడానికి బయటివారికి అనుమతి లేదన్నారు. నిబంధనల పుస్తకంలో అదంతా ఉంది. కొనేముందు ఎవరూ దాన్ని అడిగి చదవలేదు. ఆ కొడుకు ఉద్యోగానికి సెలవు పెట్టి రాత్రుళ్ళు అక్కడే పడుకోవలసి వచ్చింది.

కనుక బయానా ఇవ్వకముందే సేవల ఒప్పందం ప్రతిని, కాలనీ నిబంధనల ప్రతిని అడిగి తీసుకోండి. అవి చదివేటప్పుడు ఒక కష్టమైన రోజును ఊహించుకుని చదవండి. అమ్మకు మతిమరుపు పెరిగి రాత్రి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతే వాళ్ళు ఏం చేస్తారు? మూత్రం గొట్టం వేసి పంపితే ఎవరు మార్చాలి? ఆసుపత్రిలో నెల రోజులు ఉంటే భోజనం ఖర్చు తగ్గిస్తారా, వసూలు చేస్తారా? నెలవారీ చార్జీలు ఏటా ఎంత పెరగవచ్చునో రాసి ఉందా? పాత యజమాని కట్టిన డిపాజిట్టు మీ పేరుకు మారుతుందా, మీరు మళ్ళీ కట్టాలా? పేరు మార్పిడికి రుసుము ఎంత? నోటితో చెప్పిన జవాబు చాలదు, కాగితం మీద తీసుకోండి. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంటు హోంలకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్డరు, సేవా సంస్థ, కొనేవారు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలనే పద్ధతి అందులో ఉంది. అవి నమూనా మాత్రమే. అయినా మీ చేతిలోని కాగితాన్ని వాటితో పోల్చి చూస్తే ఏమి లోపించిందో తెలుస్తుంది.

టేపు పట్టుకుని వెళ్ళండి

ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు హాలు ఎంత పెద్దదో చూసి మురిసిపోతాం. నేనైతే తిన్నగా బాత్రూముకు వెళతాను. చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 26 అంగుళాలు. రెండున్నర అడుగుల చౌకట్టు పెట్టిన బాత్రూములో తలుపు, చౌకట్టు మందం పోగా మిగిలే దారిలో కుర్చీ పట్టదు, పట్టినా వేళ్ళు ఒరుసుకుంటాయి. తలుపు తీశాక 32 అంగుళాల ఖాళీ ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే మరో ప్రమాదం ఉంది. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే బయటినుంచి తీయలేం. బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపలి గడియ బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. కమోడు పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ ఉందా? తువ్వాలు వేసుకునే రాడ్డు దానికి బదులు కాదు, బరువు మోపితే ఊడి చేతికి వస్తుంది. నేల మీద కొన్ని నీళ్ళు పోసి, చెప్పులు లేకుండా నిలబడి చూడండి. ప్రపంచంలో ప్రమాదవశాత్తూ గాయాలతో జరిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం పడిపోవడానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకంటే నిటారుగా ఉంటే అది సామాను ఎక్కించడానికే పనికివస్తుంది. పై అంతస్తు ఇల్లయితే లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా, కరెంటు పోతే జనరేటరు మీద లిఫ్టు నడుస్తుందా చూడాలి. రీసేల్ ఇంటికి ఒక లాభం ఉంది. కొత్త ఇంటిని బొమ్మలో చూపిస్తారు, ఇది కళ్ళెదుట ఉంటుంది. వానాకాలంలో చూడగలిగితే గోడల తేమ కూడా తెలిసిపోతుంది.

ఆసుపత్రి ఎన్ని నిమిషాలు?

ఎన్ని కిలోమీటర్లు అని కాదు, ఎన్ని నిమిషాలు అని లెక్క వేయండి. పక్షవాతం వచ్చినప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేలాకే. కాబట్టి స్కాను, డాక్టరు రాత్రీ పగలూ ఉండే ఆసుపత్రి కావాలి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి కాలనీ గేటు నుంచి ఆ ఆసుపత్రి గేటు వరకు మీరే బండిలో వెళ్లి సమయం చూడండి. 108 అంబులెన్సు మన దగ్గర 2005 నుంచి ఉంది. కాలనీ గేటు దగ్గర దానికి దారి చూపేవారు ఎవరో కూడా అడగండి. మీరు ఉండేది ఇబ్రహీంపట్నం వైపు, కాలనీ మేడ్చల్ వైపు అయితే, అర్ధరాత్రి ఫోను వచ్చినప్పుడు ఎవరు ముందు చేరగలరో ఆలోచించుకోండి.

కాగితాల సంగతి

ఇది వకీలు చూడవలసిన పని, తప్పక చూపించండి. నేను చెప్పగలిగేది కొంతే. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, నిర్మాణ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగాలి. కాలనీ చెరువు ఎఫ్‌టీఎల్ పరిధిలోకి రాదని నిర్ధారించుకోవాలి. పాత యజమాని బకాయిలేమీ లేవని సంఘం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. లేకపోతే ఆ బకాయి కోసం మీ తలుపే తడతారు. రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, అతను ముప్ఫై రోజులలో ఉచితంగా బాగుచేయాలి. ఈ హక్కు మొదటివారి నుంచి కొన్నవారికీ వర్తిస్తుంది. తెలంగాణలో రిజిస్ట్రేషను ఖర్చులను 2021 జూలైలో 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచారు. ఇంటి ధర మాట్లాడుకునేటప్పుడు దీనిని మరచిపోయి, తరువాత వైద్యానికి దాచిన డబ్బు తీసేవారున్నారు.

ఎవరి పేరున?

ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను, మన్నించండి. డబ్బు తల్లిదండ్రులదైతే ఇల్లు వాళ్ళ పేరునే ఉండాలి. "ఎట్లయినా మాకే వస్తది గదా, ఇప్పుడే మా పేరున రాయిస్తే మళ్లీ ఖర్చుండదు" అనేవారిని విన్నాను. లెక్క సరిపోవచ్చు. కానీ ఆ ఇంటిని రేపు అమ్మాలా వద్దా అన్న మాటలో ఆ తల్లికి చోటు ఉండదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే ఆ రాతను రద్దు చేయించవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అలాగే గిఫ్టు డీడును రద్దు చేసి ఇంటిని ఆమెకు తిరిగి ఇప్పించింది. ఈ ఫిర్యాదులు ఆర్డీవో వినే ట్రిబ్యునల్‌కు వెళతాయి. మన ఇబ్రహీంపట్నంలోనే ఆర్డీవో ఆఫీసు ఉంది. పెద్దవాళ్ళు సలహా కోసం 14567కు ఫోను చేయవచ్చు. కానీ కోర్టుదాకా వెళ్ళే ఓపిక డెబ్బయి అయిదేళ్ల మనిషికి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకొకటి. చాలా కాలనీలలో 55 లేదా 60 ఏళ్ళు దాటినవారే నివసించాలనే నియమం ఉంటుంది. మీకు వారసత్వంగా వచ్చినా ఆ వయసు వచ్చేవరకు మీరు అందులో ఉండలేకపోవచ్చు, ఆ వయసువారికే అమ్మాలి లేదా అద్దెకివ్వాలి. అమ్ముడుపోయే వరకు నెలవారీ చార్జీలు నడుస్తూనే ఉంటాయి. దీనిని మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరికీ ముందే చెప్పండి. తరువాత ఆసుపత్రి వరండాలో ఆ గొడవ పడడం మేము చూస్తూనే ఉంటాం.

చివరిగా, అమ్మానాన్నలను అడిగారా? అతిథి గది ఉంటే, బయానా ఇవ్వకముందు వాళ్ళతో కలిసి నాలుగు రోజులు అక్కడ ఉండండి. షుగరు ఉన్నవారికి భోజనం ఎలా పెడుతున్నారో, రాత్రి భోజనం ఎన్నింటికో చూడండి. మూడవ రోజు రాత్రి రెండు గంటలకు, కాలనీ ఆఫీసుకు ముందే చెప్పి ఉంచి, అత్యవసర గంట నొక్కండి. ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చాడో, వచ్చిన మనిషి చేతిలో బీపీ మిషను ఉందో లేదో రాసుకోండి.