పరుగునందు మూడు వేగములు

ప్రాణహిత యొడ్డునగల మన సిరొంచ ప్రాంతమున వేకువజామున పరుగు సాధన చేయువారు కలరు. కొందరు ఆరోగ్యమునకై, మరికొందరు పోలీసు భర్తీకై పరుగెత్తుదురు. మహారాష్ట్ర పోలీసు భర్తీయందు పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్ల పరుగుపరీక్ష కలదు. ప్రతిదినము శక్తికొలది వేగముగ పరుగెత్తినచో త్వరగా ప్రావీణ్యము కలుగునని పలువురు తలంతురు. అది సరికాదు. సాధనకు మూడు వేగములు కలవు.

మొదటిది మెల్లని పరుగు. తోడివారితో పూర్తి వాక్యములు మాటలాడగలిగినంత వేగమే దీనికి కొలత. దీనివలన గుండె బలపడును. కండరములందు సన్నని రక్తనాళములు వృద్ధినొందును. ఊపిరిబలము కొలది వారములలోనే పెరుగును గాని, ఎముకలు గట్టిపడుటకు నెలలు పట్టును. తొందరపడిన వారికి మోకాలి క్రింది ముందరి యెముక నొప్పిపుట్టుట కిదియే కారణము.

రెండవది మధ్యమ వేగము. మూడు నాలుగు మాటలు మాత్రమే పలుకగలిగినంత వేగముతో ఇరువది నిమిషములు పరుగెత్తవలెను. అలసట నోర్చి నిలకడగా సాగు శక్తి దీనివలన కలుగును.

మూడవది తీవ్రవేగము. 400 మీటర్లు వేగముగ పరుగెత్తి, కొంత విశ్రమించి, మరల పరుగెత్తుట.

ఒక ఉదాహరణము: 1600 మీటర్లను 8 నిమిషములలో ముగించు విద్యార్థికి 400 మీటర్లకు 2 నిమిషములు పట్టును. అతడు తీవ్రసాధనయం దదే వేగమును, మధ్యమమున సుమారు 2 నిమిషముల 20 సెకండ్లను, మెల్లని పరుగున 2 నిమిషముల 50 సెకండ్లను పాటింపవచ్చును.

విశ్రాంతియు సాధనలో భాగమే. ఆంగ్ల వైద్యవిద్యార్థి రోజర్ బానిస్టరు 440 గజముల పరుగును, నడుమ 2 నిమిషముల విరామముతో, పదిసార్లు సాధన చేయుచుండెను. ఒక్కొక్క పరుగు 61 సెకండ్లకు తగ్గి అచటనే నిలిచిపోయెను. అప్పుడతడు పరుగు మాని, కొన్ని దినములు స్కాట్లండు కొండలెక్కి వచ్చెను. పిమ్మట ఆ కాలము 59 సెకండ్లకు తగ్గెను. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులో మైలును 3 నిమిషముల 59.4 సెకండ్లలో ముగించి, 4 నిమిషముల లోపున మైలు పరుగెత్తిన మొదటివాడయ్యెను. మైలనగా 1609 మీటర్లు. మన భర్తీ పరుగును దాదాపంతయే.

కావున క్రొత్తవారు మొదటి వారములలో మెల్లని పరుగునే అలవరచుకొనవలెను. పిమ్మట వారమున మూడుదినములు మెల్లగా, ఒకదినము మధ్యమముగ, ఒకదినము తీవ్రముగ పరుగెత్తి, రెండుదినములు విశ్రమింపవలెను. వేసవిలో ఎండ ముదరకముందే ముగింపవలెను.

తల్లిదండ్రులకొక మనవి. మీ కుమారుడో కుమార్తెయో మెల్లగా పరుగెత్తుట చూచి సోమరితనమని మందలింపకుడు. ఎముక నొప్పి తగ్గకున్నచో పరుగు మాన్పించి వైద్యునికి చూపుడు. నేడు ఓపికతో వేసిన అడుగే పరీక్షదినమున వేగమై ఫలించును.