నమ్మకమే మూలధనము

ధనము గలవాడు వ్యాపారము చేయును. భూమి గలవాడు సేద్యము చేయును. రెక్కల కష్టము తప్ప వేరేమియు లేనివారికి ఆధారమేది? ఈ ప్రశ్నకు అహమ్మదాబాదు నగరమందలి పేద స్త్రీలు తమ నడతచేతనే సమాధానము చెప్పిరి.

అహమ్మదాబాదు బట్టల మిల్లులకు పేరొందిన నగరము. మిల్లు కార్మికులకు 1920వ సంవత్సరమునుండియు సంఘము కలదు. కాని అదే నగరమున బట్టల మూటలను తలపై మోసి అంగళ్లకు చేర్చు స్త్రీలకు అట్టి అండ లేకుండెను. వర్తకులు మోతకింతయని కూలి యిచ్చుచుండిరి. మూట బరువెంతయో, నడచిన దూరమెంతయో వారు చూడరు. ఎన్ని మోతలు మోసిరో వ్రాసియుంచు పద్దును లేదు. అందుచే రావలసిన కొద్దిపాటి కూలియు పూర్తిగా చేతికందెడిది కాదు. ఒకతె ఎదిరించి యడిగినచో, మరునాడు ఆమె మూటను వేరొకతె యెత్తుకొనును. పేదరికమునకు ఒంటరితనము తోడయ్యెను.

మిల్లు కార్మికుల సంఘమున మహిళా విభాగమును నడుపుచున్న ఇలా భట్ అను న్యాయవాదికి 1971లో ఈ సంగతి తెలిసెను. ఆమె వారి యిక్కట్లను పత్రికలో ప్రకటించెను. వర్తకులు ఊరకుండక, తాము న్యాయముగనే కూలి చెల్లించుచున్నామని బదులు ప్రకటించిరి. మహిళా విభాగమువారు కోపింపలేదు. ఆ మాటలనే చీట్లపై అచ్చువేయించి కూలి స్త్రీలకు పంచిపెట్టిరి. ఇక కూలి తగ్గించు వర్తకునకు వర్తకుల మాటనే చూపి యడుగవచ్చును గదా!

ఈ వార్త పాతబట్టలమ్ము స్త్రీల చెవిని బడెను. వారును తమ గోడు చెప్పుకొనవచ్చిరి. ఒక ఉద్యానవనమున జరిగిన సభకు నూరుమందికి పైగా చేరిరి. తమకును సొంత సంఘముండవలెనని వారిలో నొకతె పలికెను. అట్లు పుట్టినదే ‘సేవ’ అను స్వయం ఉపాధి మహిళా సంఘము. వీరికి నిశ్చితమైన యజమాని లేడు గనుక, సంఘమెవరితో పోరాడునని కార్మికశాఖవారు శంకించిరి. సంఘము ఒకరిని ఎదిరించుటకే కాదు, తమలో తాము ఐకమత్యముతో నిలుచుటకును అని సేవవారు వాదించిరి. తుదకు 1972 ఏప్రిలులో సంఘము నమోదయ్యెను.

కూలి పెరిగినను వడ్డీ వ్యాపారి చేతిలో పడినచో ఫలమేమి? పెద్ద బ్యాంకులు వారిని దరిజేరనీయలేదు. అందుచే 1974లో 4,000 మంది స్త్రీలు తలకు 10 రూపాయల చొప్పున వేసికొని సొంత సహకార బ్యాంకును స్థాపించిరి. సంతకము రాని స్త్రీలు దరఖాస్తు కొరకై రాత్రియంతయు మేలుకొని తమ పేర్లు వ్రాయ నేర్చిరి. చదువురాని ఖాతాదారులను గుర్తించుటకు పాసు పుస్తకములపై వారి ఛాయాచిత్రము లంటించిరి.

ఇలా భట్ 1977లో రామన్ మెగసేసే పురస్కారమందుకొని, 2022లో పరమపదించెను. నేడు సేవ సభ్యుల సంఖ్య 20 లక్షలను మించినది.

మనుష్యుల నడుమ గల పరిచయమును, నమ్మకమును, పరస్పర సహాయమును అర్థశాస్త్రజ్ఞులు ‘సాంఘిక మూలధనము’ అందురు. ఇది పెట్టెలో దాచునది కాదు; వాడుకొలది పెరుగునది. అయితే ఒట్టి పరిచయము కూలిని పెంచజాలదు. మూటలు మోయు స్త్రీలు అంతకుముందును ఒకరినొకరు ఎరుగుదురు. ఆ యెరుక నియమముగల సంఘమై, వ్రాతగల పద్దై, పదిమంది కూడబెట్టిన నిధియై మారినప్పుడే వారి కష్టమునకు తగిన వెల దొరకుట కారంభించెను.