గోడకు పట్టిన చెమ్మ

మీ ఊళ్లో పాత పెంకుటిళ్లు ఉన్నాయా? ఉంటే ఈసారి అటుగా వెళ్లినప్పుడు గోడల అడుగు భాగాన్ని కాస్త పరీక్షగా చూడండి. నేలనుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా వెల్ల పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది. దానిమీద దూదిలాంటి తెల్లని నూగు కనిపిస్తుంది. వేలితో తాకితే పొడిగా రాలుతుంది. "గోడకు ఉప్పు పట్టింది" అంటారు పెద్దలు.

గోడలో ఎవరూ ఉప్పు పోయలేదు కదా, మరి ఈ ఉప్పు ఎక్కడిది? నీరు పల్లానికి పారుతుంది గాని, గోడ ఎక్కి పైకి ఎలా పోయింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలియక పాత ఇల్లు బాగుచేసుకోబోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి ఒక జంటను మనం ఊహించుకుందాం. వాళ్ల ఇల్లే ఈనాటి మన పాఠం.

మొదటి ఇల్లు, మొదటి పొరపాటు

కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్నం. అతడు బడిపంతులు, ఆమె కుట్టుపని చేస్తుంది. ఇద్దరూ కూడబెట్టిన సొమ్ముతో ఒక పాత ఇల్లు కొన్నారు. మూరెడు మందం గోడలు, ఇటుకల మధ్య గానుగ సున్నం, పైన పెంకులు. ఇల్లు కొనడానికే సొమ్మంతా అయిపోయింది. మరమ్మతుకు మిగిలింది కొంచెమే. "సెలవు రోజుల్లో మనమే చేసుకుందామండీ. కూలీ మిగిలితే తలుపులకు వస్తుంది" అన్నది ఆమె. అతడు సరేనన్నాడు.

ముందుగది గోడ అడుగున ఉప్పు పట్టి ఉంది. ఇద్దరూ కలిసి రాలిపోతున్న సున్నాన్ని గీకేశారు. నడుమెత్తు దాకా సిమెంటు పూశారు. అది ఆరాక దానిమీద నూనె రంగు వేశారు. గోడ అద్దంలా మెరిసింది. చెమ్మ పీడ విరగడైందని సంతోషించారు.

వానాకాలం వచ్చింది. సిమెంటు పూత ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడినుంచి పైకి, ఛాతీ ఎత్తు దాకా, కొత్తగా చెమ్మ మరక పాకింది. ఆ తరువాత రంగు బొబ్బలెక్కింది. ఒకనాడు మూలనున్న సిమెంటు పెచ్చు ఊడి కింద పడింది. ఊరకే పడలేదు, దానితోపాటు ఇటుకల ముఖం కూడా ఊడి వచ్చింది! మరమ్మతుకని దాచుకున్న డబ్బులో సగం ఆ గోడకే పోయింది. గోడ మాత్రం మునుపటికన్నా పాడైంది.

పక్కింటి ముసలి తాపీమేస్త్రి వచ్చి చూశాడు. "అమ్మాయ్, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా, అవి బయటికి పోయే దారి మూసేశారు. దారి మూస్తే నీరు ఆగదు తల్లీ, ఇంకో దారి వెతుక్కుంటుంది" అన్నాడు.

ఆ మాటలో ఎంత భౌతికశాస్త్రం, ఎంత రసాయనశాస్త్రం ఉన్నాయో ఇప్పుడు చూద్దాం.

నీరు పైకి ఎలా ఎక్కుతుంది?

దీపంలో నూనె వత్తి గుండా పైకి ఎక్కడం మీరు చూశారు. తుండుగుడ్డ కొస ఒక్కటి బకెట్టు నీళ్లలో పడితే, కాసేపటికి పైభాగం కూడా తడుస్తుంది. సన్నని సందుల్లో ద్రవం తనంతట తాను పైకి ఎక్కే ఈ గుణాన్నే కేశనాళికీయత అంటారు. కేశం అంటే వెంట్రుక. వెంట్రుకవంటి సన్నని గొట్టం కేశనాళిక.

గొట్టం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. శుభ్రమైన గాజుగొట్టం లోపలి వ్యాసం 1 మిల్లీమీటరు ఉంటే నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసం అందులో పదో వంతు ఉంటే సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది. ఇటుకలోనూ, ఇటుకల మధ్య సున్నంలోనూ కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలు లెక్కలేనన్ని ఉన్నాయి. పునాది కింద నేల తడిగా ఉంటే గోడంతా ఒక పెద్ద వత్తిలా పనిచేస్తుందన్నమాట.

మరి అలాగైతే నీరు పైకప్పు దాకా ఎందుకు ఎక్కలేదు? ఒకవంక గోడ నీటిని పైకి పీలుస్తూంటే, మరొకవంక గోడ ముఖంనుంచి ఆ నీరు ఆవిరై గాలిలో కలిసిపోతూంటుంది. ఎక్కే నీరూ, ఆరే నీరూ సమానమైన చోట చెమ్మ ఆగిపోతుంది. పాత ఇంట్లో అది రెండు అడుగుల దగ్గర ఆగింది. మన దంపతులు నడుమెత్తు దాకా సిమెంటూ, నూనె రంగూ పూసి, ఆరే దారిని మూసేశారు. గోడలోకి వచ్చే నీరు తగ్గలేదు. అందుకే అది సిమెంటు వెనుకగా పైకి పాకి, పూత లేని చోటికి చేరి అక్కడ ఆరడం మొదలుపెట్టింది. ఛాతీ ఎత్తున కనిపించిన మరక అదే.

ఉప్పు చేసే పని

నేలలోని నీరు శుద్ధమైన నీరు కాదు. అందులో రకరకాల లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది గాని లవణాలు ఆవిరి కావు. అవి గోడలోనే మిగిలి స్ఫటికాలుగా మారుతాయి. గోడ ముఖంమీద స్ఫటికాలు ఏర్పడితే తెల్లని నూగులా కనిపిస్తాయి. చూపుకు బాగుండదు గాని, చీపురుతో ఊడిస్తే పోతుంది. పెద్ద నష్టం లేదు.

అసలు చిక్కు స్ఫటికాలు పూత వెనుక ఏర్పడినప్పుడు వస్తుంది. ఇటుక రంధ్రాలలో స్ఫటికం పెరుగుతూ చుట్టూ ఉన్న గోడలను నెడుతుంది. ఎండాకాలం ఆరినప్పుడు గడ్డకట్టి, వానాకాలం మళ్లీ కరిగి, తిరిగి గడ్డకట్టి, ఏటేటా నెడుతూనే ఉంటుంది. పూత గట్టిగా ఇటుకను పట్టుకుని ఉంటే, విరిగేది మెత్తని ఇటుకే. మన దంపతుల గోడలో ఇటుక ముఖం ఊడి రావడానికి కారణం ఇదే.

సున్నం కథ

మరి పాతకాలపువాళ్లు వాడిన సున్నంలో ఏముంది? దాని జీవితం ఒక చక్రంలాంటిది.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దానిని బట్టీలో పెట్టి సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. ఇది కాల్షియం ఆక్సైడ్. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిలో 44 కిలోలు వాయువుగా పోతే, మిగిలే పొడిసున్నం 56 కిలోలే. పల్నాడులోని పిడుగురాళ్ల ఇలాంటి సున్నపు బట్టీలకు పేరు పొందింది.

పొడిసున్నంమీద నీరు పోస్తే బుసబుస పొంగి, సలసల కాగుతుంది. ఆ 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీటితో కలిసి 74 కిలోల తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, అవుతుంది. దీనిని ఇసుకతో కలిపి గోడకు పూస్తారు. పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని, నీటిని వదిలేస్తుంది. 74 కిలోలకు 44 కలిపి, 18 తీసేయండి. ఎంత వచ్చింది? సరిగ్గా 100! అంటే బట్టీలోకి వెళ్లిన సున్నపురాయే గోడమీద తిరిగి సున్నపురాయి అయిందన్నమాట.

ఈ మార్పు పైనుంచి లోపలికి నెమ్మదిగా జరుగుతుంది. మందమైన గోడల లోపల ఏళ్లు పట్టవచ్చు. అయితే సున్నం తొందరపడదు గాని చాలాకాలం నిలుస్తుంది. 1591లో కట్టిన హైదరాబాదు చార్మినార్‌లో వాడింది సున్నమే. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందింది 1824లో. అంటే అప్పటికే చార్మినార్‌కు రెండువందల ఏళ్లు దాటాయి!

సున్నపు పూతలో గాలీ, నీటి ఆవిరీ పోయేటన్ని రంధ్రాలు ఉంటాయి. అది ఇటుకకన్నా మెత్తన. ఈ రెండు గుణాలే పాతగోడను కాపాడతాయి. నీరు పూత గుండా వచ్చి ఆరిపోతుంది. ఉప్పు పూతలోనే చేరుతుంది. పాడైతే పూత పాడవుతుంది గాని ఇటుక బ్రతికిపోతుంది. కొన్నేళ్లకొకసారి పూత మార్చుకుంటే చాలు.

రెండోసారి పని

ఈసారి మన దంపతులు తాపీ పట్టుకునే ముందు కళ్లు తెరిచి చూశారు. వీధిరోడ్డును పాతదానిమీదనే మళ్లీ మళ్లీ వేయడంవల్ల అది ఇంటి అరుగు ఎత్తుకు వచ్చింది. వాననీరు గోడవైపే పారుతోంది. చూరునీళ్లు నేరుగా గోడ మొదట్లో పడుతున్నాయి. అంట్లు తోమిన నీళ్లూ అక్కడికే చేరుతున్నాయి.

వాళ్లు గోడ వెంబడి చిన్న కాలువ తవ్వి, నీటిని గోడకు దూరంగా మళ్లించారు. చూరు కింద రేకుతొట్టి బిగించారు. అంట్ల చోటు మార్చారు. ఈ పనులకు ఒళ్లు అలిసింది గాని ఖర్చు తక్కువే అయింది. ఆ తరువాత సిమెంటు పెచ్చులను ఉలితో మెల్లగా తీశారు. ఉప్పును తడపకుండా పొడి కుంచెతోనే ఊడ్చారు. తడిపితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది కదా! ఆపైన గోడను ఒక ఎండాకాలమంతా ఆరనిచ్చారు. అన్నిటికన్నా కష్టమైన పని ఈ ఎదురుచూడడమే. వచ్చిన చుట్టాలు పెచ్చులూడిన గోడను చూసి ముక్కున వేలేసుకున్నా ఊరుకున్నారు.

చివరికి మేస్త్రి దగ్గరుండి చూపుతుంటే, ఒక పాలు మెత్తని సున్నం, మూడు పాళ్లు కడిగిన ఇసుక కలిపి, పలుచని పూతలుగా వేశారు. ఒక పూత గట్టిపడ్డాకనే రెండోది వేశారు. ఎండకు ఒక్కసారిగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు కట్టారు. పైన నూనె రంగు కాక వట్టి వెల్ల వేశారు.

మరుసటి వానాకాలం గోడ అడుగున జానెడు ఎత్తున మాత్రం చెమ్మ కనిపించింది. ఎండలు రాగానే అదీ ఆరిపోయింది. గోడ పూర్తిగా పొడిగా మారలేదు. తడిసినా ఆరగల గోడ అయింది, అంతే. మిగిలిన డబ్బుతో తలుపులు బాగుచేయించుకున్నారు.

మరి సిమెంటు చెడ్డదా?

ఎంతమాత్రం కాదు. సిమెంటు నీటితో జరిపే చర్యవల్లనే గట్టిపడుతుంది. నీళ్లలోనైనా గట్టిపడుతుంది. ఇనుప కడ్డీలు వేసిన స్లాబులు, స్తంభాలు, వంతెనలు, నీటి తొట్లు దానివల్లనే సాధ్యమయ్యాయి. కొత్త ఇళ్లలో పునాదిమీద నీరెక్కని పొర ఒకటి వేస్తారు కాబట్టి, అక్కడ గోడకు సిమెంటు పూసినా ఈ చిక్కు రాదు. ఏ పదార్థమూ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని గుణం తెలిసి తగిన చోట వాడుకోవాలి.

ఒక హెచ్చరిక

పొడిసున్నం, తడిసున్నం రెండూ చర్మాన్ని కాలుస్తాయి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. సున్నంలో నీరు పోసే పని మీరు చేయకండి. పెద్దలు చేస్తూంటే దూరంగా నిలబడి చూడండి. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారాళంగా మంచినీళ్లతో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి.

మీరే చేసి చూడండి

1. ఒకే నూలుగుడ్డనుంచి మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు గల పట్టీలు రెండు కత్తిరించండి. ఒకదానికి అడుగున రెండంగుళాలు వదిలి, మిగతా భాగమంతా పాలిథీన్ కాగితం చుట్టండి. గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, రెండు పట్టీల కొసలూ అందులో మునిగేటట్టు వేలాడదీయండి. మరునాడు తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో కొలిచి రాసుకోండి. కొద్దిరోజులు అలాగే ఉంచితే, చుట్టని పట్టీమీద ఉప్పు ఎక్కడ పేరుకుంటుందో గమనించండి.

2. బడి ప్రయోగశాలలో మాస్టారిని అడిగి సున్నపుతేట తీసుకుని, గొట్టంతో అందులోకి మెల్లగా ఊదండి. లోపలికి పీల్చకండి సుమా! తేట పాలలా తెల్లబడుతుంది. గోడమీద ఏళ్ల తరబడి జరిగే మార్పు మీ ఎదుట నిమిషంలో జరిగిందన్నమాట.

3. మీ ఇంటి గోడకు చెమ్మ ఉంటే, అరచేయంత పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా అంటించి రెండు రోజులు ఉంచండి. నీటి బొట్లు లోపలివైపు కనిపిస్తే చెమ్మ గోడలోనిది. గదివైపు కనిపిస్తే అది గాలిలోని తేమ.

ఇక ఒక ప్రశ్న. మొదటి ప్రయోగంలో ఫలితం చూశాక, మన దంపతుల గోడమీద సిమెంటును ఛాతీ ఎత్తు దాకా పూసి ఉంటే చెమ్మ ఎక్కడ తేలేదో మీరే చెప్పండి!